మార్కుల పట్టీలో కనిపించని లెక్క

కృష్ణా డెల్టాలో బడులు తెరిచే కాలమూ, కాలువలకు నీరు వదిలే కాలమూ దాదాపు ఒకటే. పల్లె చదువుల్లోని అసమానతకు ఒక మూలం ఇక్కడే ఉంది.

పాఠాలు మొదలైన కొద్ది వారాలకే నాట్లు పడతాయి. తల్లి నాటుకు పోతే చంటివాడి బాధ్యత పదేళ్ల ఆడపిల్లది. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పిళ్లు. వరి కోయకముందే చేలో చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీతకు వస్తుంది. పదవ తరగతి పరీక్షలకు పిల్లలు చదువుకోవలసిందీ అప్పుడే. భిన్నాలు చెప్పిన వారం బడి మానిన పిల్లకు తరువాత నిష్పత్తులు అర్థం కావు. దానికి మనం పెట్టే పేరు "బుర్ర లేదు"! కోత యంత్రాలు వచ్చాక తగ్గినవి తల్లి కూలిరోజులే గాని ఇంటి అవసరాలు కావు.

డెల్టా పేద ప్రాంతమా? కాదు. 1855 నాటి ఆనకట్ట, 1957 నాటి ప్రకాశం బారేజీ ఇక్కడ మిగులును సృష్టించాయి. ఆ మిగులు సినిమాల్లోకి, వ్యాపారాల్లోకి, 1980ల నుంచి విజయవాడ చుట్టూ వెలసిన ప్రైవేటు రెసిడెన్షియల్ కళాశాలల్లోకి పారింది. అదే డెల్టాలో, కాలువ నీరు చిట్టచివర చేరే నాగాయలంక, కోడూరు వైపు శివారు పల్లెల్లో, మొదటితరం విద్యార్థికి ఇంట్లో పాఠం అడిగే మనిషి లేడు. ఇద్దరూ రాసేది ఒకే ప్రశ్నపత్రం.

పదేళ్లలో నిర్బంధ ఉచిత విద్య కల్పించాలని 1950లో రాజ్యాంగం నిర్దేశించింది. అది చట్టబద్ధమైన హక్కుగా అమలులోకి వచ్చింది 2010లో. 2003 నాటి మధ్యాహ్న భోజనం, 2020 నాటి అమ్మఒడి పిల్లల్ని బడి గుమ్మం దాకా తెచ్చాయి. అది చిన్న విషయం కాదు. ఐతే హాజరుపట్టీలో పేరుండటం వేరు, పాఠం అందటం వేరు.

ఇందులో రచయితలకు పని ఏమిటి? ఉన్నవ 'మాలపల్లి' (1922), బోయి భీమన్న 'పాలేరు' చదువు ప్రశ్నను భూమి, కూలి ప్రశ్నల పక్కన నిలబెట్టాయి. నేటి మన కథలకు మాత్రం గుడిసెలోంచి ర్యాంకు కొట్టిన కుర్రవాడంటే మక్కువ. అతని విజయం నిజమే. కాని ఆ ఒక్కణ్ణే చూపే కథ, మిగిలినవారు సోమరితనం వల్ల ఓడారని చెప్పకనే చెబుతుంది. నాట్ల వారంలో హాజరుపట్టీలో ఖాళీగా మిగిలిన గడి ఎవరిదో, ఆ రోజు ఆ పిల్ల ఎక్కడుందో రాయడం మొదలుపెడితే, మార్కుల పట్టీ కొలుస్తున్నది తెలివిని కాదని, ఇంటి భూమినీ తీరికనూ అని పాఠకుడే గ్రహిస్తాడు.