మీకు తెలుసా? కట్టను నెట్టేది చెరువు విస్తీర్ణం కాదు

చెరువు పది ఎకరాలదైనా వెయ్యి ఎకరాలదైనా, కట్ట దగ్గర నీటి లోతు ఒకటే అయితే కట్ట ప్రతి మీటరు పొడవు మీదా పడే బలం ఒకటే. వెనక ఎంత దూరం నీరు పరుచుకుందన్నది లెక్కలోకే రాదు. లోతే వస్తుంది. ఆ లోతు రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది.

లెక్క కట్టడం కష్టమేమీ కాదు. నీటిలో మునిగిన పలక నిలువుగా ఉన్నా, వాలుగా ఉన్నా, దాని నడిమి బిందువు నీటి మట్టానికి ఎన్ని మీటర్ల కింద ఉందో చూడాలి. ఆ సంఖ్యను పలక వైశాల్యంతో గుణిస్తే బలం నేరుగా టన్నుల్లో వచ్చేస్తుంది, ఘనపు మీటరు నీరు టన్ను బరువు కాబట్టి. వాలు వెంబడి కొలిచిన దూరం కాదు, నిట్టనిలువు లోతే తీసుకోవాలి. విద్యార్థులు పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి కొట్టుకుపోయిన తుంగభద్ర ఆనకట్ట 19వ గేటునే తీసుకోండి. వెడల్పు 60 అడుగులు, ఎత్తు 20 అడుగులు. నీరు పై అంచు దాకా నిండితే ఆ ఒక్క గేటు మీదే సుమారు 340 టన్నుల బలం పడుతుంది. ఈ బలం గేటంతటా సమానంగా పడదు. ఎత్తును 4 అడుగుల చొప్పున అయిదు అడ్డపట్టీలుగా విడదీస్తే, పై నుంచి కిందికి బలాలు 1, 3, 5, 7, 9 నిష్పత్తిలో ఉంటాయి. పై పట్టీ మీద 14 టన్నులకు లోపే. అదే కొలత గల అడుగు పట్టీ మీద 122 టన్నులు! మొత్తం బలం ఒక్క బిందువు దగ్గర పనిచేస్తోందనుకుంటే, ఆ బిందువు గేటు నడుమ ఉండదు, పై నుంచి మూడింట రెండు వంతుల లోతున ఉంటుంది. దాన్నే పీడన కేంద్రం అంటారు. గేటు పోయాక గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సారథ్యంలో పారే నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి ఆ ఖాళీని మూసిన సిబ్బంది సాహసం ఎంతటిదో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

గోడను ఇలా పట్టీలుగా విడదీసి నీటి బలం కట్టే పద్ధతిని 1586లోనే గణితజ్ఞుడు సైమన్ స్టెవిన్ తన పుస్తకంలో చూపాడు. న్యూటన్ అప్పటికి పుట్టనే లేదు.

ఇక వాలు సంగతి. మట్టికట్ట లోపలి వైపు రెండు మీటర్లకు ఒక మీటరు ఎత్తు చొప్పున వాలుగా ఉందనుకోండి, నీరు 6 మీటర్లు. మీటరు పొడవు కట్టను నీరు పక్కకు నెట్టే బలం 18 టన్నులు. నిలువు గోడ అయినా అంతే, వాలు దాన్ని తగ్గించదు. కానీ వాలు మీద నిలిచిన నీరు 36 టన్నుల బరువుతో కట్టను కిందికి అదుముతుంది. కట్ట జారకుండా ఉండటానికి ఆ అదుము తోడ్పడుతుంది. నెట్టే నీటినే కట్టకు కాపలా పెట్టినట్టు! నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చే ముక్క ఇదే.

అలుగు మీద ఇసుక బస్తాలు వేసి మరో అర మీటరు నీరు నిలపాలనుకునే ఊళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. 6 మీటర్లు ఆరున్నర అయితే మీటరు పొడవు కట్టను పక్కకు నెట్టే బలం 18 టన్నుల నుంచి పెరిగి 21 టన్నులు దాటుతుంది. పైగా వరద వస్తే నీరు కట్ట మీదుగా పొర్లే ప్రమాదం ఉంది, మట్టికట్ట దాన్ని తట్టుకోలేదు. ఇంజనీరును అడగకుండా అలుగు ఎత్తు పెంచకండి.