నేలపట్టు లెక్క: 83 హెక్టార్లు, 4 నెలలు

జాతీయ రహదారి మీద దొరవారిసత్రం దాటేవాళ్లలో చాలామందికి పక్కనే గూడబాతుల ఊరొకటి ఉందని తెలియదు. నేలపట్టు పక్షుల అభయారణ్యం 1976లో ఏర్పడింది. విస్తీర్ణం 458.92 హెక్టార్లు, అంటే సుమారు 1,134 ఎకరాలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, జనం నోట ఇప్పటికీ నెల్లూరు నేలపట్టే.

ఇక్కడ 189 పక్షి జాతులు కనిపించాయనీ, వాటిలో 50 వలస వచ్చేవనీ అందరూ చెప్పే మాట. నన్నడిగితే అంతకంటే ముఖ్యమైన అంకె 83. చెరువు, అందులో మొలలోతు నీళ్లలో నిలబడ్డ కడప చెట్లు ఉన్నది దాదాపు అన్ని హెక్టార్లలోనే. మిగతాది ఎక్కువగా చిట్టడవి. మొత్తంలో ఐదో వంతుకు కూడా చేరని ఆ చోటే గూళ్లకు ఆయువుపట్టు. గూడబాతు, నత్తగుల్లకొంగ, నీటికాకి, తెల్లకంకణాయి అన్నీ అక్కడే సర్దుకోవాలి.

రెండో అంకె కాలానిది. మన తీరానికి వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. చెరువు నిండాకే గూళ్లు. గూడబాతు గుడ్డు పొదగడానికి సుమారు నెల, పిల్ల ఎగరడానికి కనీసం మరో మూడు నెలలు. నవంబరు నెలాఖరులో పెట్టిన గుడ్డు రెక్కలు విప్పేసరికి మార్చి ముగుస్తుంది. ఈలోపు చెరువు ఎండితే ఆ ఏటి సంతానం దక్కడం కష్టం. మనుషుల అలికిడికి తల్లి లేచిపోయినా అంతే, గుడ్ల కోసం కాకులు కాచుకునే ఉంటాయి. కాలనీ ఖాళీ అవడం ఊహ కాదు. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు దగ్గర ఆరేడులో చూసిన గూడబాతుల కాలనీ తర్వాతి దశాబ్దాల్లో మాయమైంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ అభయారణ్యంలోకి అనుమతి ఇవ్వడానికి ఐదు కారణాలు చెబుతుంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన తర్వాత నాలుగోది పర్యాటకం. వరుసలో మన స్థానం అది! అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం 30వ సెక్షన్ కింద నేరం, కాబట్టి వనభోజనాల పొయ్యి ఇంటి దగ్గరే. గూళ్లను కెమెరా దగ్గరకు తెస్తుంది, కాళ్లు గట్టు మీదే ఉండాలి.

ఊరివాళ్లు ఈ పక్షులను దేవతా పక్షులంటారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు. చూసేవాళ్లకు డిసెంబరు, జనవరి అనువు. ఈ ప్రాంతపు పక్షుల ఉత్సవమైన ఫ్లెమింగో పండగ 2025లో జనవరి 18 నుంచి 20 వరకు జరిగింది. సందడి గిట్టనివారు ఆ తేదీలు తప్పించుకుని, వారం మధ్యలో పొద్దున్నే వెళ్లడం మేలు.

పిల్లలతో వెళితే మధ్యాహ్నానికి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట దారి పట్టండి. రోడ్డు పులికాట్ సరస్సు మధ్య నుంచే పోతుంది. గూడబాతులు మేతకు వచ్చేది ఈ సరస్సుకే. ఇక్కడి ఫ్లెమింగోలు గూళ్లు కట్టవు, మేతకే వస్తాయి. వాటిని చూడటానికి కారు దిగనక్కర్లేదు.