రోడ్డు మీద ఓడింది, మంచు మీద నిలిచింది

టీవీఎస్ ఎక్స్‌ఎల్ బండి తెలియని ఊరు మన వైపు ఉండదు. పాలక్యాన్లు, గడ్డిమోపులు, కూరగాయల మూటలు మోసిన ఆ బండి చాలా ఏళ్ళు టూ స్ట్రోక్ ఇంజనుతోనే నడిచింది. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100తో అది కూడా ఫోర్ స్ట్రోక్‌కి మారింది. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బైకులు అంతకు చాలా ముందే ఆగిపోయాయి. పొగ మీద నిబంధనలు కఠినమయ్యేకొద్దీ మన రోడ్ల మీద టూ స్ట్రోక్ కథ దాదాపు ముగిసింది.

కానీ అమెరికా, కెనడాలలో మంచు మీద నడిపే స్నోమొబైళ్ళలో టూ స్ట్రోక్ ఇంజన్లు ఇవాళ్టికీ తయారవుతున్నాయి. కొండల్లో నడిపేవాళ్ళు ఎక్కువగా వాటినే కోరుకుంటారు. ఎందుకని? ఐటీఐ, పాలిటెక్నిక్‌లకు వెళ్ళే మన హాస్టల్ తమ్ముళ్ళు "టూ స్ట్రోక్ - ఫోర్ స్ట్రోక్ తేడాలు" అన్న ప్రశ్నకు జవాబు బట్టీ పడుతుంటారు. ఈ మంచుబండి సంగతి తెలిస్తే బట్టీ పట్టే పని ఉండదు.

స్నోమొబైల్ అంటే...

దీనికి చక్రాలు ఉండవు. ముందు రెండు స్కీలు, వెనుక యుద్ధట్యాంకుకు ఉన్నట్టు గుండ్రంగా తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటాయి. హ్యాండిల్ తిప్పితే స్కీలు తిరుగుతాయి, పట్టా బండిని తోస్తుంది. గేర్లు మార్చే పని లేదు. మన స్కూటీలో లాగా బెల్టు చూసుకుంటుంది. సియాచిన్‌లో మన సైనికులు వాడే స్నో స్కూటర్లు, కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లో పర్యాటకులు ఎక్కే మంచుబండ్లు ఈ జాతివే.

దీని వెనుక ఒక తండ్రి దుఃఖం ఉంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోవడంతో ఆస్పత్రికి చేర్చలేక బిడ్డను పోగొట్టుకున్నాడు. మంచు మీద నడిచే బండి కోసం ఆయన పడిన తపన ఆ తర్వాత మరింత పెరిగింది. మొదట పెద్ద బండ్లు తయారు చేసి, 1959లో చిన్న బండి 'స్కీ-డూ'ను తెచ్చాడు. తొలి స్కీ-డూలో ఉన్నది 7 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజనే! తేలికగా, చవకగా దొరికే టూ స్ట్రోక్ కొద్ది ఏళ్ళలోనే దాని చోటు తీసుకుంది.

తేడా ఎక్కడ?

ఫోర్ స్ట్రోక్‌లో పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం అనే నాలుగు పనులకు పిస్టన్ నాలుగుసార్లు కదలాలి. అంటే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి శక్తి వస్తుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ వస్తుంది. పైగా వాల్వులు, క్యామ్‌షాఫ్ట్ ఉండవు. సిలిండరు గోడలకున్న రంధ్రాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అందువల్ల చిన్న ఇంజనులోనే ఎక్కువ శక్తి, తక్కువ బరువు. లెక్క ప్రకారం రెట్టింపు శక్తి రావాలి గానీ, పాత పొగ పూర్తిగా బయటికి పోదు కనుక అంత రాదు.

లోపం కూడా ఆ రంధ్రాల దగ్గరే ఉంది. కొత్త పెట్రోలు మిశ్రమం లోపలికి వచ్చే సమయంలో పొగ పోయే దారి కూడా తెరిచే ఉంటుంది. పాత కార్బురేటర్ ఇంజన్లలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెట్రోలు మండకుండానే సైలెన్సరు దాటేది. దానితోపాటు ఆయిలు కూడా కాలుతుంది. నీలం పొగ, ఆ వాసన అందుకే.

మంచు మీద నడక

దమ్ము చేసిన మడిలో ఉత్త చేతులతో నడిచే మనిషికీ, మూట ఎత్తుకుని నడిచే మనిషికీ ఎవరి కాళ్ళు ఎక్కువ దిగబడతాయో మనకు తెలుసు. మెత్తటి పొడిమంచులో బండి పరిస్థితి కూడా అంతే. కొండల మీద వాడే టూ స్ట్రోక్ బండి ఖాళీ బరువు సుమారు 200 కిలోలు. పెద్ద ఫోర్ స్ట్రోక్ బండ్లు 250 కిలోలు దాటుతాయి. ఇంజను ముందు వైపు, స్కీలకు దగ్గరగా ఉంటుంది కనుక ఆ అదనపు బరువు ముక్కు మీదే పడుతుంది. లోతైన మంచులో ముక్కు దిగబడుతుంది. ఏటవాలు మీద నడిపేవాడు తన ఒంటి బరువుతో బండిని ఒరిగించాలి. బండి బరువైతే గంటలోనే చేతులు పడిపోతాయి. కూరుకుపోతే తవ్వి లాగాల్సిందీ అతడే.

చదును చేసిన మంచుదారి మీద లెక్క మారుతుంది. అక్కడ ముందున్న బరువు స్కీలను దారికి అదిమి ఉంచుతుంది. ఫోర్ స్ట్రోక్ శక్తి నెమ్మదిగా, సమంగా అందుతుంది. శబ్దం తక్కువ, పెట్రోలు ఆదా, ఎక్కువ కాలం మన్నిక. యాక్సిలరేటర్ వదలగానే ఇంజనే బండిని గట్టిగా పట్టి ఆపుతుంది. అలవాటు లేనివాడికి మలుపులో ఇది ఇబ్బంది కూడా పెడుతుంది. టూ స్ట్రోక్ అయితే వదిలాక కూడా కొంత దూరం జారుతూ పోతుంది. 2002లో యమహా తన ఆర్1 బైకు ఇంజను ఆధారంగా ఆర్‌ఎక్స్-1 స్నోమొబైల్ తెచ్చి, ఫోర్ స్ట్రోక్ కూడా వేగంలో తీసిపోదని చూపించింది.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడి రెండు ఇంజన్లూ నీరసిస్తాయి. అందుకే టర్బో బిగిస్తారు. 2020 మోడల్‌లో స్కీ-డూ కంపెనీ టూ స్ట్రోక్‌కి కూడా ఫ్యాక్టరీలోనే టర్బో అమర్చింది.

పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి?

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కుకు చలికాలంలో వందలాది స్నోమొబైళ్ళు వచ్చేవి. పడమటి గేటు దగ్గర టిక్కెట్లు ఇచ్చే ఉద్యోగులకు ఆ పొగకు తలనొప్పి, వికారం వచ్చేవి. వాళ్ళ గదుల్లోకి పైపులతో మంచి గాలి పంపాల్సి వచ్చింది. 2002లో ముఖానికి మాస్కులు కూడా ఇచ్చారు. సరదా ఒకరిది, పొగ ఇంకొకరిది. కోర్టు వివాదాల తర్వాత 2004-05 చలికాలం నుంచి రోజుకు 720 బండ్లకు మించకుండా, పొగ, శబ్దం తక్కువ ఉన్నవాటినే, గైడు వెంట ఉంటేనే రానిచ్చారు. అలా వచ్చినవి ఎక్కువగా ఫోర్ స్ట్రోక్ బండ్లే. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గింది.

ఈ సమస్య మీద విద్యార్థులు కూడా పనిచేశారు. 2000లో వ్యోమింగ్ రాష్ట్రంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు 'క్లీన్ స్నోమొబైల్ ఛాలెంజ్' పోటీ మొదలైంది. తొలి ఏడు ఫోర్ స్ట్రోక్ బిగించిన బఫెలో విశ్వవిద్యాలయం గెలిచింది. 2007లో ఐడహో విశ్వవిద్యాలయం విద్యార్థులు టూ స్ట్రోక్‌తోనే గెలిచారు! కిటుకు ఏమిటంటే, పెట్రోలును గాలితో కలిపి పంపకుండా, పొగదారి మూసుకునే వేళకు నేరుగా సిలిండరులోకి చిమ్మడం. అప్పుడు బయటికి పారిపోయే పెట్రోలు చాలా తగ్గిపోతుంది. స్కీ-డూ 2009 మోడల్ ఈ-టెక్ ఇంజన్లు కూడా ఈ సూత్రం మీదే వచ్చాయి.

ఏది మేలు?

రోడ్డు బండి బరువును రోడ్డు మోస్తుంది. పొడిమంచు మోయదు. మన రోడ్ల మీద ఓడిన ఇంజను కొండమంచులో నిలవడానికి ముఖ్య కారణం అదే. పార్కు దారిలో మనుషుల్ని తిప్పడానికి, దూరప్రయాణానికి ఫోర్ స్ట్రోక్ మేలు. లోతైన మంచులో కొండెక్కడానికి తేలికైన టూ స్ట్రోక్ మేలు.

తమ్ముళ్ళూ! పరీక్షలో తేడాల పట్టిక రాయండి, మార్కులు వస్తాయి. కానీ రేపు ఇంటర్వ్యూలో ఎవరైనా "ఈ రెండిట్లో ఏది మంచిది?" అని అడిగితే తొందరపడి ఒక పేరు చెప్పకండి. "ఎక్కడ నడపాలి సార్? ఏం పనికి? పక్కన ఎవరుంటారు?" అని అడగండి. మీకు ఇంజను తెలుసని ఆ ప్రశ్నలతోనే వాళ్ళకు అర్థమవుతుంది.