పాటగానిపై శ్రోతల హక్కు

అమెరికా దేశీయుడగు బాబ్ డిలన్‌ను గూర్చి యాయన యభిమానులలో నరువది సంవత్సరములుగా సాగుచున్న వివాదము విచిత్రమైనది. విరోధులు నిందించుట లోకసహజము. ఇచట నట్లు గాదు. ఆయన పాటలను కంఠస్థము చేసినవారే, ఆయన సభలకు దేశాంతరములనుండి వ్యయప్రయాసల కోర్చి పోవువారే, సభ ముగిసిన పిమ్మట వాకిట నిలిచి యాయన చేసినది న్యాయమా యని తగవులాడుకొందురు. ఇటీవలి ఆల్బములు పూర్వపువానితో సరితూగునా? ఆయన వ్రాసినది కవిత్వమా? ఎనుబది దాటినవాడు ఊరూరు తిరుగుటయేల, తిరిగినచో జనులు కోరిన పాటలు పాడకపోవుటయేల? ఈ ప్రశ్న లన్నిటికిని మూలమున నొక్కటే ప్రశ్న కలదు. పాటను గట్టినవానికిని దానిని ప్రేమించినవారికిని నడుమనున్న యొడంబడిక యెట్టిది? ఇది యొక్క అమెరికాకే చెందిన ప్రశ్న గాదు కావున మా యభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఈయన 1941 మే 24వ తేదీని మిన్నెసోటా రాష్ట్రమందలి డులూత్ పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు రాబర్ట్ జిమ్మర్మన్. మొదటి ఆల్బము 1962లో వెలువడెను. 2020లో వెలువడిన 'రఫ్ అండ్ రౌడీ వేస్' ముప్పదితొమ్మిదవ స్టూడియో ఆల్బము. కట్టిన పాటలు ఆరువందలకు మించినవి. ఇవి గాక గద్యగ్రంథములు, చిత్రలేఖనము, ఇనుప తుక్కును అతికి గేట్లు చేయుట మున్నగు వ్యాపకములు వేరుగ నున్నవి. ఇంత విస్తారముగ పండించిన క్షేత్రమున తాలు లేకుండునా? ఉన్నది. ఏది తాలు, ఏది గింజ యనుటలోనే అభిమానులకు పొత్తు కుదరదు.

కలహము 1965 జూలై 25వ తేదీని న్యూపోర్టు జానపద సంగీతోత్సవమున మొదలైనది. అదివరకాయన చెక్క గిటారును, నోటి హార్మోనికాను చేబూని యుద్ధమును, వర్ణద్వేషమును నిరసించు పాటలు పాడుచుండెను. 1963 ఆగస్టులో వాషింగ్టను నగరమున మార్టిన్ లూథర్ కింగు మహోపన్యాసము చేసిన సభలో గూడ పాడెను. అట్టివాడు న్యూపోర్టులో విద్యుద్గిటారుతోను, వాద్యబృందముతోను వేదిక నెక్కగా సభలో కేకలు, గేలి బయలుదేరెను. ఆ కేకలు వాద్యము మారినందుకా, ధ్వనియంత్రములు సరిగ పనిచేయనందుకా, బృందముతో మూడే పాటలు పాడి దిగిపోయినందుకా యనునది నేటికిని తెగని తగాదా. మరుసటి యేడు మే 17వ తేదీని మాంచెస్టరు నగరమున ఒక శ్రోత 'జూడాస్' అని యరచెను. క్రీస్తును పట్టియిచ్చిన శిష్యుని పేరది. ఆ సభ రికార్డు, లండను ఆల్బర్టు హాలులోనిదను తప్పుపేరుతో చిరకాలము దొంగచాటుగ చేతులు మారి, తుదకు 1998లో కంపెనీవారిచేతనే ప్రకటింపబడెను. నాడు ద్రోహమనిపించినదానిని నేడు పెన్నిధియని కొనుచున్నారు.

ఇట్టిది మరి రెండు మారులు జరిగినది. 1970లో 'సెల్ఫ్ పోర్ట్రెయిట్' వెలువడగా విమర్శకులు మండిపడిరి. ఆ కాలపు పాటలనే, పైపూతలు తీసివేసి, 2013లో మరల ప్రకటింపగా ప్రశంసించిరి. 1979 నవంబరులో సాన్ ఫ్రాన్సిస్కోలో పదునాలుగు రాత్రులు, పాత పాట యొక్కటియు ముట్టక, క్రైస్తవ భక్తిగీతములే పాడినందుకు శ్రోతలలో పలువురు నిష్ఠురములాడిరి. ఆనాటి పాటల సంపుటము 2017లో వెలువడిన పిమ్మట, ఆయన కంఠము అంత పూనికతో మ్రోగిన కాలము మరియొకటి లేదని చెప్పువారు బయలుదేరిరి. దీనినిబట్టి డిలన్ చేసినదెల్ల ముప్పదియేండ్లకు బంగారమగునని వాదించు నభిమానులు కలరు. వారితో మేమేకీభవింపజాలము. 1986లోను 1988లోను వెలువడిన రెండాల్బములు నాడును పేలవములే, నేడును పేలవములే. ఇక స్వీయరచనల విషయమున ఆయన తీర్పే సర్వోత్తమమనుటయు కుదరదు. 'బ్లైండ్ విల్లీ మెక్‌టెల్' అను పాటను 1983లో రికార్డు చేసి, ఆ యేటి ఆల్బములో చేర్చక పక్కనబెట్టెను. అది 1991లో గాని బయటికి రాలేదు. ఆయన పాటలలో నగ్రగణ్యమని దానిని పేర్కొనువారు నేడు పెక్కుమంది.

ఇటీవలి ఆల్బములకు వత్తము. 2012 తరువాత ఎనిమిదేండ్లు ఆయన క్రొత్తపాటల సంపుటము ప్రకటింపలేదు. ఆ నడుమ 2015, 2016, 2017 సంవత్సరములలో ఇతరులు కట్టిన పాత అమెరికను పాటలను, ముఖ్యముగ ఫ్రాంక్ సినాట్రా పాడి ప్రసిద్ధి గావించినవానిని, మొత్తము ఏబదిరెండు పాడి మూడాల్బములుగ విడుదల చేసెను. అభిమానులు రెండు పక్షములైరి. స్వయముగ కట్టగలవాడు పరుల పాటలేల పాడవలెను, కంఠము రాపిడిపట్టినవాడు సినాట్రాతో పోటీయేల యని యొకరు. వృద్ధుడు తన బాల్యమున విన్నదానిని తలచుకొనుచున్నాడు, పాడనిండని మరియొకరు. మా మతమున ఈ రెండు వాదములును గురి తప్పినవి. ఆ యేబదిరెండు పాటలును ఆయనకు గురుకులవాస మైనవి. మాట నెక్కడ నాపవలెను, ఊపిరి నెట్లు పొదుపు చేయవలెను, అరవకుండ వినిపించుట యెట్లు అనునది వానివలన మరల నేర్చుకొనెను. 2020 ఆల్బమును శ్రద్ధతో వినువారికి ఇది విదితమగును. అందు కంఠము చిన్నది, గీర వీడలేదు, కాని యొక్క మాటయు తబ్బిబ్బు పడదు.

ఆ యాల్బములో మిక్కిలి తర్కింపబడినది 'మర్డర్ మోస్ట్ ఫౌల్' అను పాట. దాదాపు పదునేడు నిమిషముల నిడివి. మహమ్మారివలన జనులు తలుపులు మూసికొని యిండ్లలో నున్న కాలమున, 2020 మార్చి 27వ తేదీని, ముందుగ చెప్పకయే విడుదల చేసెను. విషయము 1963 నవంబరు 22వ తేదీని డల్లాస్ నగరమున జరిగిన అధ్యక్షుడు కెనడీ హత్య. పాట పోను పోను హత్యావర్ణనము తగ్గి, రేడియోలో పాటలు వేయువానిని సంబోధించి ఈ పాట వేయుము, ఆ పాట వేయుమని కోరుట పెరుగును. ఇది పాట గాదు, పట్టికయని కొంద రనిరి. ప్రాసలు కొన్నిచోట్ల మొరటుగ నున్నమాట నిజము. మేము కాదనము. కాని చావింటిలో కూర్చున్నవాడు పోయినవాని గుణములను వర్ణింపజాలక, ఆ కాలపు పాటల నొక్కటొక్కటిగ జ్ఞప్తికి దెచ్చికొనుట లోకములో చూడని విషయమా? ఆ పట్టికయే విలాపము. పదునేడు నిమిషములకు తక్కువగ దానిని ముగించియుండినచో ఆ బరువు వచ్చియుండదని మా తలంపు.

కవిత్వమా కాదా యను ప్రశ్న 2016లో నోబెల్ సాహిత్యబహుమానముతో తీవ్రమయ్యెను. సల్మాన్ రష్డీ వంటివారు హర్షించిరి. పుస్తకములు వ్రాయువారి నోటికాడి కూడు పాటగానికిచ్చిరని కొందరు గొణిగిరి. డిలన్ సుమారు రెండు వారములు మౌనము వహించి, డిసెంబరు ఉత్సవమునకు పోక, 2017 ఏప్రిలులో స్టాకుహోములో పతకము గైకొనెను. ఆయన తరఫున ఉత్సవమున పాడిన పాటీ స్మిత్ నడుమ చరణము మరచి, క్షమాపణ చెప్పుకొని మరల నెత్తుకొనుట చూచినవారు మరువలేరు.

ఈ వివాదము పాశ్చాత్యుల కంత చిక్కుగ నుండుట మాకు వింతగ దోచును. మాటను 'మాతువు' అనియు, వరుసను 'ధాతువు' అనియు పేర్కొని, రెంటిని కూర్చువానికి వాగ్గేయకారుడని మన సంగీతశాస్త్రకారులు పదమూడవ శతాబ్దినాటికే పేరిడి లక్షణము చెప్పిరి. పాటలు కట్టినవారిలో నోబెల్ పొందిన ప్రథముడు డిలన్ అని 2016లో కొన్ని పత్రికలు వ్రాయుట పొరపాటు. 1913లో దానిని పొందిన రవీంద్రనాథ ఠాకూరు రెండువేలకు పైబడిన పాటలు కట్టినవాడు. జనగణమనకు స్వహస్తముతో ఆంగ్లానువాదము వ్రాసినది 1919లో మన మదనపల్లెలోనే. బంగాళముతో డిలన్‌కును స్వల్ప సంబంధము కలదు. 1967 చివర వెలువడిన 'జాన్ వెస్లీ హార్డింగ్' ఆల్బము అట్టపై ఆయన కిరుప్రక్కల నిలుచున్నవారు బంగాళ బావులు గాయకులు.

అయితే, పాట తీసివేసి ఉత్త కాగితముపై చూచినచో ఈయన కవి యగునా? ఆ పరీక్ష జరిగినది. 1971లో ప్రకటింపబడిన 'టరాంటులా' అను గ్రంథము పాట లేని డిలన్ కవిత్వము. దానిని కడవరకు చదివినవారిని మేము మెచ్చుకొందుము, గ్రంథమును మెచ్చుకొనజాలము. ఆయన మాటకు వరుసయే వెన్నెముక. చౌర్యమని మరియొక యభియోగము కలదు. 2001 ఆల్బములో జున్ఇచీ సాగా యను జపాను రచయిత పుస్తకములోని మాటలును, 2006 ఆల్బములో హెన్రీ టిమ్రోడ్ అను పందొమ్మిదవ శతాబ్దపు కవి పలుకులును అభిమానులే గుర్తించి బయటపెట్టిరి. సాగా కోపింపలేదు, సంతసించెను. జానపదగాయకుడు విన్నదానిని తనదిగ మార్చుకొనుట సంప్రదాయమేయని సమర్థనము. సంప్రదాయమే. కాని జానపదుడు తన పాటపై హక్కుల నమోదు చేసికొనడు. ఈ తేడాను డిలన్ పక్షమువారు చూచియు చూడనట్లుందురు.

హక్కుల మాట వచ్చినది గావున ఆ సంగతియు చెప్పవలెను. ఆరువందలకు పైబడిన తన పాటల రచనాస్వామ్యమును ఆయన 2020 డిసెంబరులో యూనివర్సల్ కంపెనీకి విక్రయించెను. రికార్డులపై గల స్వామ్యమును సోనీ కంపెనీకి విక్రయించిన సంగతి 2022 జనవరిలో వెల్లడియైనది. భూమి నొకనికి, దానిపై తోట నొకనికి అమ్మినట్లు ఇవి రెండును వేర్వేరాస్తులు. అభిమానులలో కొందరు తమ పిత్రార్జితమును ఎవరో అమ్మివేసినట్లు వాపోయిరి. వారికి మేము చెప్పునది, ఆ క్షేత్రము మొదటినుండియు ఆయనదే, అమ్ముటకు మీ చేవ్రాలక్కరలేదని. 2022 నవంబరులో జరిగినది మాత్రము వేరు జాతిది. 'ది ఫిలాసఫీ ఆఫ్ మోడర్న్ సాంగ్' అను ఆయన పుస్తకపు ప్రతులు తొమ్మిదివందలు, స్వహస్తముతో సంతకము చేసినవని, ప్రతి 599 డాలర్లకు విక్రయింపబడెను. కొన్నవారు సంతకములను పోల్చి చూచి అవి యంత్రముతో చేసినవని పసిగట్టిరి. ప్రకాశకులు సొమ్ము తిరిగి యిచ్చిరి. తలతిరుగుడు వ్యాధియు, మహమ్మారియు కారణములని చెప్పి డిలన్ క్షమాపణ కోరెను. ఇచట శ్రోతకు హక్కు కలదు. ఏది యమ్ముచున్నామని చెప్పిరో దానినే యియ్యవలెను.

సభల తగాదాను గూడ మేమీ గీటురాతి మీదనే పరీక్షింతుము. 1988 జూన్ 7వ తేదీని కాలిఫోర్నియాలో మొదలిడిన యాత్రకు జనులు 'ఎన్నటికి ముగియని యాత్ర' యని పేరిడిరి. 2019 ఏప్రిలులో ఇన్స్‌బ్రుక్ నగరమున జరిగినది దానిలో మూడువేలవ సభ. మహమ్మారివలన రెండేండ్లకు కొంచెము తక్కువగ ఆగి, 2021 నవంబరు 2వ తేదీని మిల్వాకీలో మరల మొదలుపెట్టెను. ఈ యాత్రలో ఆయన విశేషముగ పియానో వెనుకనే యుండెను. వెలుతురు తక్కువ. ప్రసంగము లేదు. పలుచోట్ల శ్రోతల ఫోనులను సంచులలో బంధించిరి. 2020 ఆల్బములోని పాటలే కార్యక్రమములో ప్రధానము. పాత పాటలు కొన్ని పాడినను, వరుసలు మారి, మొదటి మాట చెవిన బడువరకు ఏ పాటయో తెలియదు. 1965 నాటి 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' వినబడలేదు. కుమారుని వెంటబెట్టుకొని, పెద్దమొత్తము చెల్లించి వచ్చిన తండ్రి నిరాశ పడడా?

పడును. ఆ నిరాశను తేలికగ దీసికొనువారము గాము. చెరువు త్రవ్వించినవాడైనను కాలక్రమమున ఊరివారి నీటిని కట్టిపెట్టజాలడు, అట్లే పాటయు వాడుకవలన జనుల దయ్యెనని వారి వాదము. వాదమున పస యున్నది. కాని ఆయన కట్టిపెట్టిన నీరేది? పాత రికార్డులన్నియు అందరికి నందుబాటులోనే యున్నవి. ఇక టికెట్టు సంగతి. ఆ యాత్రకు ఆయన క్రొత్త ఆల్బము పేరే పెట్టి, ప్రకటన పత్రములపై '2021–2024' అని యచ్చువేయించెను. సీతాకల్యాణము చెప్పుదునని తాంబూలము పుచ్చుకొన్న హరిదాసు సీతాకల్యాణమే చెప్పినప్పుడు లంకాదహనము చెప్పలేదని కోపించుట తగునా?

ఆ సంవత్సరాంకములే మరియొక తగవునకు కారణమయ్యెను. 2024 నవంబరులో లండను ఆల్బర్టు హాలు సభలతో యాత్ర ముగియగా, ఇక దిగిపోయినట్లేయని కొందరు, దిగిపోవలెనని కొందరు వ్రాసిరి. కంఠము నిలిచి యుండగనే విరమించుట మర్యాద యన్నవారి మాటలో ప్రేమయే కలదు, కాని సేద్యగాడు పొలమునకు పోవుట మానవలసిన దినమును గట్టుమీద నిలిచినవారు నిర్ణయింపరాదు. 2025 మార్చి 25వ తేదీని ఆయన మరల యాత్ర సాగించెను. బయలుదేరిన చోటు ఓక్లహోమా రాష్ట్రమందలి టల్సా పట్టణము. ఆయన చేవ్రాతప్రతులు, రికార్డులు భద్రపరుపబడి, 2022 మేలో ప్రజలకు ద్వారములు తెరచిన భాండాగారము ఆ యూరిలోనే యున్నది. అన్నమాచార్యుల రాగిరేకులపై మాటయు రాగము పేరును నిలిచి వరుస పోయినది. టల్సాలో వరుసలు వేయి విధముల నిలిచినవి. మాటలే నిలుకడ లేనివి. 1974 నాటి పాటలను వ్రాసికొన్న చిన్న నోటుపుస్తకములు అచట నున్నవి. వానిలోని చరణములొక తీరు, రికార్డులోనివొక తీరు, పదేండ్లకు సభలో పాడినవి మరియొక తీరు. వీనిలో నిజమైన పాఠమేదియని అభిమానులు తగవులాడుచునే యున్నారు.