మీకు తెలుసా? నిద్రలో పసిబిడ్డ గురగుర
పుట్టిన కొత్తలో పిల్లలు దాదాపు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ఆ సన్నని దారిలో కాస్త చీమిడి అడ్డుపడినా రాత్రంతా గురగురే. నిద్రలో గబగబా ఊపిరి తీసి, 5 నుంచి 10 సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెట్టడమూ మామూలే (ఆ కాసేపట్లో తల్లి ప్రాణం మాత్రం గిలగిల్లాడిపోతుంది!). బిడ్డ పాలు బాగా తాగుతుంటే కంగారు అక్కర్లేదు. ముక్కులో నూనె చుక్కలు మాత్రం వద్దు, ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు. సాంబ్రాణి పొగా మానడమే మేలు.

అనుమానంగా ఉంటే, బిడ్డ పొట్ట కదలికను నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండోసారి లెక్కపెట్టినా 60కి తగ్గకపోతే, డొక్కలు లోపలికి పీక్కుపోతుంటే, ఊపిరి ఊపిరికీ మూలుగుతుంటే, పాలు మానేస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెదాలు, నాలుక నీలంగా మారినా, 20 సెకన్లు ఊపిరి ఆగినా 108కి ఫోన్ చేయండి.