శరణార్థి శిబిరంలో ఉపశమన చికిత్స

2017 ఆగస్టు తరువాత 7 లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ విడిచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ ప్రాంతానికి చేరారు. కలరా టీకాలు అందాయి. మరి వెదురు పాకలో క్యాన్సరుతో మూలుగుతున్న వృద్ధురాలికి? విపత్తు వైద్యం ప్రాణరక్షణనే లెక్కించింది. నయంకాని వ్యాధి ఆ లెక్కకు ఎక్కలేదు. విపత్తులలో ఉపశమన చికిత్సకై ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శిని వెలువడినది 2018లో మాత్రమే!

తీవ్రమైన నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ చవకైనదే. సాధారణంగా నాలుగేసి గంటలకొకసారి, మలబద్ధకం రాకుండా విరేచనకారితో కలిపి ఇస్తారు. అడ్డు ధర కాదు, మాదకద్రవ్య నిబంధనలు. సరిహద్దు దాటాలంటే ఎగుమతి, దిగుమతి అనుమతులు రెండూ కావాలి. అత్యవసర సమయాలలో వీటిని సడలించే నమూనా నియమాలు 1996లోనే సిద్ధమయ్యాయి. మందు చేరేవరకు పుండు కడగడం, పక్క మార్చి పడుకోబెట్టడం ఇంటివారికి నేర్పవచ్చును. ఇందుకు ఏ అనుమతీ అక్కరలేదు.