నాన్నలు డ్యూటీలో ఉన్నారు!

అమెరికాలో లూసియానా రాష్ట్రంలో ష్రీవ్‌పోర్ట్ అని ఒక ఊరు. అక్కడ సౌత్‌వుడ్ హైస్కూలు. 2021 సెప్టెంబరులో ఆ స్కూల్లో పిల్లలు గుంపులుగా చేరి కొట్టుకున్నారు. మూడంటే మూడు రోజుల్లో 23 మంది విద్యార్థుల్ని పోలీసులు పట్టుకుపోయారు.

ఇలాంటప్పుడు మామూలుగా ఏం జరుగుతుంది? హెడ్మాస్టరు కబురు పెడతారు, తల్లి చేతిలో పని చేతిలోనే వదిలేసి పరుగెత్తుతుంది. ఇక్కడ మాత్రం తండ్రులు కదిలారు. సుమారు 40 మంది వంతులు వేసుకున్నారు. ‘డాడ్స్ ఆన్ డ్యూటీ’ అని అచ్చు వేయించిన చొక్కాలు తొడుక్కుని స్కూల్లో తిరగడం మొదలుపెట్టారు. చేతిలో కర్ర లేదు, నడుముకి తుపాకీ లేదు. పొద్దున్నే వచ్చే పిల్లల్ని నవ్వుతూ పలకరించడం, నాన్నలు మాత్రమే వేసే ఆ చప్పటి జోకులు వేయడం, వరండాల్లో గుంపు కట్టినవాళ్ళని క్లాసుల్లోకి తోలడం. అంతే! కొట్లాటలు ఆగిపోయాయి. ఎందుకు ఆగారని టీవీవాళ్ళు పిల్లల్ని అడిగితే, నాన్న చూసే చూపు ఒకటుంటుంది కదా, అది చాలన్నట్టు చెప్పారు. ఆ చూపు సంగతి మనకి వేరే చెప్పాలా!

ఆ తండ్రుల్లో ఎక్కువమంది నల్లజాతివారు. ఇంట్లో తండ్రి లేని పిల్లలకి కూడా స్కూల్లో ఒక నాన్న కనబడాలనే అక్కడికి వస్తున్నామని వాళ్ళు చెప్పారు.

ఈ కబురు ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నల్లజాతి తండ్రి అనగానే అమెరికాలోనే కాదు, మన ఇళ్ళల్లో కూడా చాలామందికి ఒకటే బొమ్మ కనిపిస్తుంది. పెళ్ళాం బిడ్డల్ని గాలికి వదిలేసి పోయిన మనిషి! మనవాళ్ళ పిల్లలు చదువులకని అమెరికా వెళ్ళేటప్పుడు ఆవకాయ సీసాతో పాటు ఒక జాగ్రత్త కూడా కట్టి పంపుతాం. “నాయనా, చీకటి పడ్డాక ఆ నల్లవాళ్ళుండే పేటలోకి వెళ్ళకు” అని. నేనూ మా అక్క కొడుక్కి చెప్పినదాన్నే. ఆ పేటలో ఉండే తల్లి కూడా తన కొడుక్కి రోజూ జాగ్రత్తలు చెప్పుకుంటుందనీ, అవి మన జాగ్రత్తల కంటే భయంకరమైనవనీ అప్పుడు నాకు తోచలేదు.

మరి నిజం ఏమిటి? నల్లజాతి పిల్లల్లో పదిమందికి దాదాపు ఏడుగురు పెళ్ళికాని తల్లులకి పుడుతున్నారు. ఈ లెక్క అబద్ధం కాదు. కానీ పెళ్ళి లేనంత మాత్రాన తండ్రి లేడని కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2013లో ఒక నివేదిక వేసింది. ఐదేళ్ళలోపు పిల్లలతో కలిసి ఉంటున్న తండ్రుల్లో రోజూ పిల్లలకి స్నానం చేయించడం, డైపరు మార్చడం, బట్టలు తొడగడం వంటి పనులు చేసేవారు ఎందరని అడిగారు. తెల్లవారిలో 60 శాతం, నల్లవారిలో 70 శాతం! స్కూలుకెళ్ళే వయసు పిల్లల దగ్గర రోజూ కూర్చుని హోంవర్కు చేయించే తండ్రులు తెల్లవారిలో 28 శాతం అయితే, నల్లవారిలో 41 శాతం దాకా ఉన్నారు. పిల్లలకి దూరంగా వేరే ఇంట్లో ఉంటున్న తండ్రుల్లో కూడా నల్లవాళ్ళు మిగతావారికి తీసిపోలేదు. మన ఇళ్ళల్లో ఇలాంటి లెక్క తీస్తే డైపరు దగ్గర ఎంత శాతం వస్తుందో మీరే చెప్పండి. నేను మావారిని అడగలేదు, పేపరు చదువుకుంటున్నారు.

కన్నవాళ్ళని విడదీసిందెవరు?

అయినా అన్ని ఇళ్ళల్లో తండ్రి ఎందుకు లేడు? ఈ ప్రశ్నకి జవాబు కోసం చాలా వెనక్కి వెళ్ళాలి.

1818లో మేరీలాండ్‌లో ఒక బానిస తల్లికి ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టాడు. తండ్రెవరో అతనికి రూఢిగా తెలియదు. తెల్లవాడని, యజమానే కావచ్చనీ చెప్పుకునేవారు. పసివాడిగా ఉన్నప్పుడే తల్లిని 12 మైళ్ళ దూరంలో వేరే పొలానికి పనికి పంపేశారు. ఆవిడ పగలంతా చాకిరీ చేసి, రాత్రి 12 మైళ్ళు నడిచి వచ్చి, కొడుకు పక్కన కాసేపు పడుకుని, తెల్లవారకముందే మళ్ళీ 12 మైళ్ళు నడిచి పనిలోకి వెళ్ళేది. పనికి ఆలస్యమయితే కొరడా దెబ్బలు. అలా నాలుగైదుసార్లకి మించి తల్లిని చూడలేదని పెద్దయ్యాక డగ్లస్ రాసుకున్నాడు. అతనికి ఏడేళ్ళ వయసులో ఆవిడ పోయింది.

తర్వాత బాల్టిమోర్ పట్నంలో ఒక యజమానురాలు పాపం అతనికి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. భర్త చూసి ఆపేశాడు. చదువొస్తే వీడు బానిసగా పనికిరాడన్నాడు! ఆ ఒక్క మాటతో కుర్రవాడికి విషయం అర్థమైపోయింది. ఇంట్లోంచి రొట్టెముక్కలు జేబులో వేసుకుని వీధిలోకి వెళ్ళి, ఆకలిగా ఉన్న పేద తెల్లపిల్లలకి అవి పెట్టి, బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. ఆ కుర్రవాడే 1838లో పారిపోయి, అమెరికాలోకెల్లా గొప్ప వక్తల్లో ఒకడయ్యాడు.

బానిసల పెళ్ళికి చట్టంలో విలువ లేదు. భర్తని ఒకచోటికి, భార్యని ఒకచోటికి, పిల్లల్ని ఇంకోచోటికి అమ్మేసేవారు. 1865లో బానిసత్వం పోయాక వాళ్ళు మొదట చేసిన పనేమిటో తెలుసా? ఒకరినొకరు వెతుక్కోవడం! పేపర్లలో ప్రకటనలు వేయించారు. ఫలానా ఊళ్ళో, ఫలానా దొర దగ్గర, ఫలానా ఏడు అమ్ముడుపోయిన నా బిడ్డ ఎక్కడుందో తెలిస్తే చెప్పండి అంటూ. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా అలాంటి ప్రకటనలు పడుతూనే ఉన్నాయి.

బానిసత్వం పోయింది కదా, తర్వాత సంగతేమిటంటారా? పేద తల్లులకి ప్రభుత్వం ఇచ్చే భృతి సంగతి వినండి. ఇంట్లో మగవాడు ఉంటే భృతి లేదన్నాయి కొన్ని రాష్ట్రాలు. ఉన్నాడేమో చూడడానికి అధికారులు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారు. మంచాల కింద, బీరువాల్లో వెతికేవారు. పనిలేని మగవాడు ఇంట్లో ఉంటే పిల్లలకి తిండి పోతుంది, అతను బయటికి పోతే పిల్లలకి నాన్న పోతాడు. అలబామాలో సెల్మా ఊళ్ళో, తెల్లవారుజాము నుంచి హోటల్లో వండి వడ్డించే నలుగురు పిల్లల తల్లి శ్రీమతి స్మిత్ దీనిమీద కోర్టుకెక్కింది. 1968లో సుప్రీంకోర్టు ఆవిడ పక్షాన తీర్పు చెప్పి ఆ నిబంధన కొట్టేసింది.

తర్వాత జైలు వచ్చింది. 1986లో మత్తుమందుల మీద ఒక చట్టం చేశారు. పేద పేటల్లో అమ్ముడయ్యే చవకరకం క్రాక్ కొకెయిన్ 5 గ్రాములు, అంటే మన వంటింట్లో చెంచాడు పంచదారంత, అమ్మడానికి పెట్టుకున్నట్టు దొరికితే తక్కువలో తక్కువ ఐదేళ్ళు జైలు. డబ్బున్నవాళ్ళు వాడే పొడి కొకెయిన్‌కి అదే ఐదేళ్ళు పడాలంటే అరకిలో దొరకాలి! సరుకు ఒకటే, తూకమే వేరు. ఆ చెంచా దగ్గర పట్టుబడి జైలుకి వెళ్ళినవాళ్ళలో అత్యధికులు నల్లజాతి మగవాళ్ళే. 2010లో ఈ తేడాని నూరు రెట్ల నుంచి 18 రెట్లకి తగ్గించారుగాని, అప్పటికి పాతికేళ్ళు కావచ్చింది. ఒక తరం పిల్లలు నాన్నని అద్దం అవతలే చూసి పెరిగారు.

మత్తుమందు అమ్మినవాడిని వెనకేసుకు రావడం లేదు నేను. పిల్లల్ని కని మొహం చాటేసిన మగవాళ్ళు ఏ జాతిలోనైనా ఉంటారు, వాళ్ళకి క్షమాపణ లేదు. 1995 అక్టోబరు 16న వాషింగ్టన్‌లో లక్షలమంది నల్లజాతి మగవాళ్ళు ఒక్కచోట చేరి, ఇకనుంచి సంసారం బాధ్యతగా చూసుకుంటామని ప్రమాణం చేశారు. ఆడవాళ్ళని మాత్రం ఇళ్ళల్లో ఉండమన్నారు! దాన్ని అక్కడి స్త్రీలు కొందరు గట్టిగానే విమర్శించారు, నాకూ నచ్చలేదు. ప్రమాణానికి లక్షలమంది దొరుకుతారు, ప్రతి సోమవారం పొద్దున్న స్కూలు గేటు దగ్గరికి నలభైమంది రావడమే కష్టం.

నాలుగేళ్ళ పిల్లాడి ‘నేరం’

ఇంట్లో ఎలా ఉన్నా, ఈ పిల్లల కథ స్కూల్లో మరీ త్వరగా మొదలవుతుంది. 2011-12 ప్రభుత్వ లెక్కల్లో నర్సరీ పిల్లల్లో నల్లజాతివారు 18 శాతమే. కానీ ఒకసారికి మించి “కొన్నాళ్ళు స్కూలుకి పంపొద్దు” అనిపించుకున్న నర్సరీ పిల్లల్లో దాదాపు సగం వాళ్ళే. నర్సరీ పిల్లలండీ! ఇంకా పాలు తాగుతూ నిద్రపోయే వయసు. మరి పెద్ద క్లాసుల సంగతి? 2015-16లో నల్లజాతి మగపిల్లలు మొత్తం విద్యార్థుల్లో 8 శాతం, ఇంటికి పంపబడ్డవాళ్ళలో 25 శాతం. అదే అల్లరి ఒకడు చేస్తే చిలిపితనం, ఇంకొకడు చేస్తే రౌడీతనం.

పోలీసుల దగ్గరైతే ప్రాణానికే ముప్పు. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్ పార్కులో 12 ఏళ్ళ టమీర్ రైస్ బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్నాడు. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలో కాల్చేశారు. అందుకే అక్కడ నల్లజాతి ఇళ్ళల్లో కొడుక్కి మీసాలు రాకముందే తండ్రో, తల్లో కూర్చోబెట్టి ఒక పాఠం చెబుతారు. దానికి పేరు కూడా ఉంది, ‘ది టాక్’. పోలీసు ఆపితే చేతులు కనబడేలా పెట్టు. జేబులో చెయ్యి పెట్టకు. పరుగెత్తకు. తప్పు నీది కాకపోయినా ‘సర్’ అను. బతికి ఇంటికి రా, న్యాయం సంగతి తర్వాత చూసుకుందాం. మేం ఆవకాయతో కట్టి పంపిన జాగ్రత్త దీని ముందు ఏపాటిది?

ఇంత మధ్యలో బిడ్డని గట్టెక్కించిన తల్లులున్నారు. డెట్రాయిట్‌లో సోన్యా కార్సన్ అనే ఆవిడ మూడో తరగతితో చదువు మానేసింది, 13 ఏళ్ళకే పెళ్ళయింది. భర్తకి మరో సంసారం ఉందని తర్వాత తెలిసింది. విడిపోయి, ఇళ్ళల్లో పాచిపని చేస్తూ ఇద్దరు కొడుకుల్ని పెంచింది. చిన్నవాడు బెన్ ఐదో తరగతిలో అందరికంటే ఆఖరు. తాను పనిచేసే పెద్దింటివాళ్ళు టీవీ ముందు కాక పుస్తకాల ముందు కూర్చోవడం ఆవిడ గమనించింది. ఇంటికొచ్చి శాసనం చేసింది. వారానికి టీవీలో రెండే కార్యక్రమాలు. వారానికి లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు చదివి, ఏముందో రాసి తనకి చూపించాలి. పిల్లలు గొణుక్కుంటూనే రాసేవారు. ఆవిడ కాగితం అంతా చూసి, అక్కడక్కడ టిక్కులు పెట్టి తిరిగిచ్చేది. అమ్మకి చదవడమే రాదని వాళ్ళకి చాలాకాలానికి గాని తెలియలేదు!

ఆ బెన్ కార్సన్ 1987లో తలలు అతుక్కుని పుట్టిన కవలల్ని విడదీసిన వైద్యబృందానికి నాయకుడు. ఆ తర్వాత రాజకీయాల్లోకి వెళ్ళి మంత్రి అయ్యాడు. ఆ రాజకీయాలు నచ్చనివాళ్ళు నల్లజాతిలోనే చాలామంది ఉన్నారు. ఆ తల్లి పెట్టిన టిక్కుల్ని మాత్రం ఎవరూ తప్పుపట్టలేరు.

కానీ ప్రతి తల్లీ సోన్యా కాలేదు, కావాలని అడగడం అన్యాయం కూడా. మన దేశంలోనే పుట్టిన ఆర్థికశాస్త్రవేత్త రాజ్ చెట్టి, ఆయన తోటివాళ్ళూ 2018లో ఒక పెద్ద పరిశోధన వెలువరించారు. అందులో నాకు నచ్చినది ఒకటుంది. ఏ పేటలో నల్లజాతి తండ్రులు ఎక్కువమంది ఇళ్ళల్లో ఉంటారో, ఆ పేటలో పెరిగిన నల్లజాతి మగపిల్లలు పెద్దయ్యాక బాగుపడ్డారు. తమ సొంత ఇంట్లో తండ్రి లేని పిల్లలు కూడా! అంటే ఎదురింటి నాన్న, పక్కింటి నాన్న కూడా లెక్కలోకి వస్తారన్నమాట. 2017లో నార్త్ కరోలినా పిల్లల మీద ఇంకో పరిశోధన వచ్చింది. మూడు నుంచి ఐదో తరగతి లోపు ఒక్క నల్లజాతి టీచరు దొరికినా చాలు, బాగా పేద ఇళ్ళ నల్లజాతి మగపిల్లల్లో హైస్కూలు మధ్యలో మానేయడం 39 శాతం తగ్గిందని తేలింది. ఆడ టీచరయినా, మగ టీచరయినా సరే. అయితే అక్కడి టీచర్లలో నల్లజాతి మగవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు.

న్యూయార్క్‌లో ఆల్విన్ ఇర్బీ అలాంటి అరుదైన టీచరు. చిన్నపిల్లల క్లాసు చెప్పేవాడు. ఒకరోజు స్కూలు ఎదురుగా ఉన్న క్షౌరశాలలో జుట్టు కత్తిరించుకుంటుంటే తన విద్యార్థి ఒకడు లోపలికొచ్చాడు. వంతు కోసం ఏమీ తోచక అటూఇటూ చూస్తూ కూర్చున్నాడు. వీడి చేతిలో ఇప్పుడొక పుస్తకం ఉంటే ఎంత బాగుండును అనిపించింది టీచరుకి. ఆలోచిస్తే, నల్లజాతి మగపిల్లాడు నెలకి ఒకటి రెండుసార్లు తప్పకుండా వెళ్ళే చోటు, అక్కడున్న మగవాళ్ళంతా తనలాంటివాళ్ళే అయిన చోటు అదొక్కటే! 2013 ప్రాంతంలో ఆయన ‘బార్బర్‌షాప్ బుక్స్’ అని మొదలుపెట్టాడు. అది ఒక్క న్యూయార్క్‌తో ఆగకుండా ఎన్నో రాష్ట్రాలకి పాకింది. మంగలి షాపులో ఒక మూల, పిల్లాడి చేతికి అందే ఎత్తులో చిన్న అలమార. అందులో పిల్లలు నవ్వుకుంటూ చదివే బొమ్మల పుస్తకాలు. ఎలా ప్రోత్సహించాలో షాపువాళ్ళకి కాస్త నేర్పుతారు కూడా. పక్క కుర్చీలో పెద్దవాళ్ళు ఆటల గురించి గట్టిగా వాదించుకుంటుంటే, మెడకి గుడ్డ చుట్టించుకున్న కుర్రవాడు గుడ్డ కిందనుంచి చేతులు బయటికి తీసి పేజీ తిప్పుతాడు. తల కదపకు, ఆ తర్వాత ఏమైందో పైకి చదువు అంటాడు కత్తెర పట్టుకున్న ఆయన.